ఒకే సంత, ఒకే అనాస, మూడు ధరలు

మా కాలనీ దాటితే రైలు గేటు, గేటు దాటితే ఆదివారం సంత. ఒడిశాలోని మా రాయగడ పట్నం అక్కడితో అయిపోయినట్టే. ఆ పైన పొలాలు, వాటి వెనక కొండలు. పోయిన జూలైలో ఒక ఆదివారం ఆ సంతలో ఒకే గంపలోని అనాసపళ్లు మూడు ధరలకు పోయాయి. తెల్లవారుజామున ఐదున్నరకు నేను గేటు దగ్గర టీ తాగుతున్నాను. గంప నెత్తిన పెట్టుకుని కొండ దిగి వస్తున్న ఒకామెను చిన్న వ్యాపారి ఒకడు దారిలోనే ఆపి, డజను పళ్లు 120 రూపాయలకు తీసుకున్నాడు. ఎనిమిదింటికి ఆమె దగ్గరే నేను 30 రూపాయలిచ్చి ఒకటి కొన్నాను. సాయంత్రం నాలుగింటికి మా పక్కింటాయన, గంపలో మిగిలిన రెండూ కలిపి 25కి తెచ్చుకుని, గోడ మీదుగా చూపించి, "ఏటి మాస్టారూ, పొద్దున్నే పరిగెత్తారు, మోసపోయారు కదా!" అన్నాడు.

మోసపోలేదు. ఆ సంగతి ఆయనకు చెప్పడానికి గోడ దగ్గర అరగంట పట్టింది, ఇక్కడ ఇంకొంచెం ఎక్కువే పడుతుంది. వారం సంతలో ధర కిలోకింత అని పుట్టదు. టైము, నడక, బాకీ, ఆశీలు (సంతలో కూచున్నందుకు కట్టే రుసుము), వాన, ఇన్నీ కలిస్తే పుడుతుంది. ఆ మూడు ధరలకూ అమ్ముడైంది పేరుకే అనాస, నిజానికి మూడు వేర్వేరు సరుకులు. ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. సంతలో మన కళ్లెదుట ఐదు రూపాయల కోసం జరిగే బేరంలో ఎవరూ పెద్దగా మునగరు. అసలు మునక మనం నిద్ర లేవకముందు దారిలో జరుగుతుంది, ఒక్కోసారి ఆర్నెల్ల ముందు చెట్టు పూత మీద ఉండగానే జరిగిపోతుంది.

ముందు, సంత వారానికి ఒక్కసారే ఎందుకు? కొండ ఊళ్లలో ఇళ్లు తక్కువ, చేతిలో డబ్బు ఇంకా తక్కువ. రోజూ కొట్టు తెరుచుకుని కూచుంటే ఉప్పు అమ్ముకునేవాడికి కూడా గిట్టదు. అదే పది పదిహేను ఊళ్ల అవసరాన్ని ఒక రోజుకి, ఒక మైదానానికి పోగేస్తే అందరికీ గిడుతుంది. అందుకే ఈ ప్రాంతంలో సంతలు వంతులేసుకున్నట్టు ఉంటాయి. నియమగిరి కొండల కింద చాటికొనలో బుధవారం, డోంగ్రియా కోంధు ఆదివాసులు దిగే సంత. మాచ్‌ఖండ్ దగ్గర ఒనకడిల్లిలో గురువారం, బోండా ఆదివాసీ ఆడవాళ్లు వచ్చే సంత. కొరాపుట్ జిల్లా కుందులిలో శుక్రవారం, అల్లం, కూరగాయలు లారీలకెత్తే పెద్ద సంత. బట్టల మూటలవాళ్లు, ఎండుచేపలవాళ్లు, గాజులవాళ్లు వారమంతా ఏదో ఒక సంతల చుట్టులో తిరుగుతూనే ఉంటారు. వాళ్ల లెక్కలో వారాలకు పేర్లు లేవు, ఊళ్ల పేర్లే. "చాటికొన నాడు ఇచ్చేస్తాను" అంటే బుధవారం బాకీ తీరుస్తానని.

పట్నం శివార్లలో సంత ఆదివారమే ఎందుకు పడిందో చెప్పనక్కర్లేదు. జేకేపూర్ కాగితం మిల్లు, తెరుబలి ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీ, రైల్వే, బడులు, ఆఫీసులు. ఎక్కువమంది జీతగాళ్లకు తీరిక ఆరోజే. అందుకే మా సంతలో ధరకి కొండ పంటతో పాటు జీతం తారీఖుతో కూడా చుట్టరికం ఉంది. నెల మొదటి ఆదివారం నాటుకోడి దగ్గర బేరమాడే ధైర్యం ఎవరికీ ఉండదు. ఆఖరి ఆదివారం అదే కోడి మనల్ని పిలుస్తుంది.

కొత్తగా బదిలీ మీద వచ్చినవాళ్లు ఈ సంతలో తెలుగు ఎందుకింత వినిపిస్తుందని అడుగుతుంటారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడేదాకా ఈ కొండలు మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. 1931లో విజయనగరం నుంచి రాయపూర్ దాకా రైలు మార్గం పూర్తయింది. దిగువ నుంచి ఎండుచేపలు, ఉప్పు, బట్టలు పైకి రావడానికీ, చింతపండు, పసుపు, అడ్డాకులు కిందికి పోవడానికీ దారి తేలికైంది. పార్వతీపురం, బొబ్బిలి మాటలు కూడా ఆ మూటలతోనే వచ్చి ఉంటాయి. గంపలామె సరుకు పేరు కోంధుల భాష కువిలో అనుకుంటుంది, ధర ఒడియాలో చెబుతుంది, నేను తెలుగులో తగ్గించమంటాను. ఇద్దరికీ అన్నీ అర్థమవుతాయి, ఒక్క "తగ్గించు" అన్నది తప్ప.

సంతలో అడుగుపెట్టగానే కింద కూచున్నవాళ్లంతా రైతుల్లాగే కనిపిస్తారు. కారు. తన డొంగరంలో, అంటే కొండవాలు చేనులో పండిందో, అడవిలో ఏరిందో తెచ్చేవాళ్లు కొందరే. వాళ్ల ముందు రెండు మూడు రకాలే ఉంటాయి. అవి కూడా కొలతకు అందని చిన్న పరిమాణాల్లో. నాలుగు గుమ్మడికాయలు, ఒక బుట్ట కొండచిక్కుడు, చీరకొంగులో కట్టిన కాసిని కందులు. కాయలన్నీ ఒక సైజులో ఉండవు, వేరుకి మట్టి ఉంటుంది. వీళ్ల తర్వాత, ఊరూరా తిరిగి కొంచెం కొంచెం పోగేసి తెచ్చేవాళ్లు. ఒడియాలో వీళ్లని కుచియాలంటారు. పొద్దున నేను చూసిన చిన్న వ్యాపారి ఆ బాపతే. వీళ్లని అందరూ తిడతారు గానీ, సైకిల్ మీదో, మోటార్‌సైకిల్ మీదో రోడ్డు లేని ఊరికి పోయి మూడు కిలోల చింతపండు కూడా కొనేది వాళ్లొక్కరే. ఇక పరదాల కింద పదిహేను రకాల కూరగాయలు రంగులవారీగా పేర్చుకున్నవాళ్లు పూర్తిగా హోల్‌సేల్ మనుషులు. వాళ్ల దగ్గర ఉల్లి నాసిక్ నుంచీ, ఎండాకాలం టమాటా మదనపల్లె వైపు నుంచీ వస్తుంది.

బంగాళాదుంప కథ మరీ చిత్రం. చుట్టూ ఇన్ని చేలు కనిపిస్తున్నా ఒడిశా తినే దుంపలో ఎక్కువ భాగం పశ్చిమ బెంగాల్‌దే. 2024లో అక్కడి ప్రభుత్వం దుంప లారీలను సరిహద్దు దాటనివ్వకుండా ఆపినప్పుడు మా సంతలో ధర ఒక్క వారంలో ఎగిరింది. అప్పుడు ఒకాయన గంపలామె మీద కేకలేయడం నా కళ్లతో చూశాను. "కొండ మీద పండే దుంపకి ఇంత రేటేటి?" అని. పాపం ఆమె అమ్ముతున్నది బంగాళాదుంపే కాదు, నాగలికంద అనే వేరే దుంప. వారం సంతకు వెళ్తే అన్నీ ఊరి పంటే దొరుకుతాయనుకోవడం మన పట్నం వాళ్ల భ్రమ. ఏది ఏ నెల ఇక్కడిదో తెలిస్తేనే ధర అర్థమవుతుంది. వానల్లో అనాస, వెదురు కొమ్ములు, పుట్టగొడుగులు ఇక్కడివి. చలికాలంలో చిక్కుడు, కందులు, అల్లం, పసుపు. మాఘం దాటాక కొండచీపుళ్లు, చింతపండు, ఆ వెనకే ఇప్పపువ్వు. టమాటా కూడా చలికాలంలో మాత్రం మనదే, అప్పుడది గంపల్లో వస్తుంది. ప్లాస్టిక్ క్రేట్లలో కనిపించిందంటే లారీ దిగిందని అర్థం.

ఇక కొలత. కిలో అనేది సంతలో అందరిదీ కాదు. మా అమ్మమ్మ తరం లెక్కలో రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. ఇప్పటికీ కొండ నుంచి వచ్చే చోళ్లు, అంటే ఒడియావాళ్ల మాండియా, సామలు, కందులు కొంతమంది డబ్బాతోనే కొలుస్తారు. డబ్బా కొలతలో కిటుకంతా పైనుంది. అంచు మీద గోపురంలా పోస్తే ఒక లెక్క, అరచేత్తో గీసేస్తే ఒక లెక్క. కొనేటప్పుడు గోపురం, అమ్మేటప్పుడు గీత అన్నది పాత షావుకార్ల వ్యాపార రహస్యం. గింజ పెద్దదా చిన్నదా, ఎండిందా తడిదా అన్నదాన్ని బట్టి కూడా డబ్బాలో పట్టే బరువు మారిపోతుంది. చట్టం మాట అడిగితే, 2009 నాటి తూనికలు కొలతల చట్టం ప్రకారం ఈ డబ్బాలతో వ్యాపారం కుదరదు. ప్రామాణిక కొలత వాడాలి, లేదా లెక్కపెట్టి అమ్మాలి. నా అభిప్రాయం అడిగితే, ఆమె డబ్బాతో పోసే చోళ్లకు భయపడక్కర్లేదు. ఆమె దగ్గర కొనే వ్యాపారి తక్కెడకే భయపడాలి.

ఎలక్ట్రానిక్ కాటాకి ఏడాదికోసారి ముద్ర వేయించాలని రూలు. ముద్ర వెతికేవాళ్లు ఎవరు? నేను చేసే పని ఒకటుంది. సీలు తీయని లీటరు నీళ్ల సీసా ఒకటి సంచిలో పెట్టుకుని వెళ్తాను. అనుమానం వస్తే, "ఇది ఒకసారి పెట్టండి" అంటాను. లీటరు నీళ్లు కిలో, సీసా బరువు ఇంకో పాతిక గ్రాములు అటూ ఇటూ. కాటా 1,100 చూపించిందంటే ఆ కొట్టు నుంచి చల్లగా జారుకుంటాను. ఒకసారి ఒకాయన సీసా చూడగానే కాటా మీద చేయి తీసేశాడు. అప్పటిదాకా ఆ చేయి దాని మీద ఉందని నేను గమనించనే లేదు.

కొలత గొడవ తప్పించుకోవడానికే గంపలవాళ్లు కుప్పలు పోస్తారు. వంకాయలు కుప్ప 20, పచ్చిమిర్చి కుప్ప 10. కుప్పలో ధర మారదు, కుప్ప మారుతుంది. పొద్దున్న ఏడు వంకాయలుంటే పదకొండింటికి అదే 20కి తొమ్మిది. కొసరు వేసే అలవాటు కూడా ఇందులోంచే. ధర తగ్గించమంటే మొహం మాడ్చుకునే అమ్మ, "ఇంకో రెండు వెయ్యమ్మా" అంటే నవ్వుతూ వేస్తుంది. ఆమెకు రెండు కాయల కన్నా నోటి మాటగా వచ్చిన రేటు ముఖ్యం. పక్క గంప ఆమె వింటోంది కదా.

పసుపు దగ్గర ఇంకో చిక్కు. పచ్చి పసుపు కొమ్ము ధరా, ఎండు పసుపు ధరా చూసి, "ఇంత తేడానా, ఎవడో మధ్యలో తినేస్తున్నాడు" అని గుండెలు బాదుకునేవాళ్లున్నారు. వంద కిలోల పచ్చి పసుపు ఉడకబెట్టి ఎండబెడితే మిగిలేది 20 నుంచి 25 కిలోలే. ఆ ఉడకబెట్టే కట్టెలు, పది పదిహేను రోజుల ఎండ, మధ్యలో వాన వస్తే పరుగు, ఇవన్నీ ఎవరి లెక్కలోకీ రావు. నాలుగైదు రెట్ల తేడా ఉంటే అది నీళ్ల బరువు. దాని మీద ఇంకా ఉంటేనే అనుమానించాలి.

ఇప్పుడు మళ్లీ అనాస దగ్గరకి వద్దాం. పొద్దున ఐదున్నర ధర, ఎనిమిది ధర, నాలుగు గంటల ధర.

ఎనిమిదింటికి నేనిచ్చిన 30లో ఏముందో ముందు చూడండి. గంపలో ఇరవై పళ్లు ఉండగా నచ్చింది ఏరుకునే హక్కు ఉంది. నేను ముక్కు దగ్గర పెట్టుకుని మూడు పళ్లు వాసన చూసి నాలుగోది తీసుకున్నాను. ఆమె ఎండలో కూచున్న కూలి ఉంది. గంపకు కట్టిన ఆశీలు ఉంది. నా తర్వాత ఎవరూ రాకపోతే అన్న భయం ఖరీదు కూడా అందులోనే. నాలుగింటికి మా పక్కింటాయన కొన్నది ఏరుకోగా మిగిలినవి. అవి ఆ పూట అమ్ముడుపోకపోతే ఆమె మళ్లీ నెత్తిన పెట్టుకుని పది పన్నెండు కిలోమీటర్లు ఎక్కాలి, ఎక్కినా వచ్చే సంత నాటికి కుళ్లిపోతాయి. ఆ సమయానికి పండు ఆమెకు సరుకు కాదు, బరువు. బరువు దింపుకోవడానికి మనిషి ఎంతకైనా ఇస్తాడు. అందుకే సాయంత్రం పడిపోయేవి ఏవో పొద్దున్నే చెప్పొచ్చు: ఆకుకూరలు, పండిన అనాస, పనస, పుట్టగొడుగులు, చేపలు. అల్లం, ఎండు పసుపు, చోళ్లు, చీపుళ్లు సాయంత్రమైనా పెద్దగా దిగవు. అవి ఇంటికి తీసుకెళ్లినా వచ్చే వారం అమ్ముకోవచ్చు. సాయంత్రం అల్లం కోసం ఆగేవాడు ఊరికే ఆగినట్టే. వాన మబ్బు పట్టిన రోజు మాత్రం ఈ లెక్కలన్నీ రెండు గంటల ముందే మొదలవుతాయి.

మరి ఐదున్నరకి పదేసి రూపాయలు? టోకున కొంటే తక్కువ పడటం న్యాయమే. పన్నెండు పళ్లు ఒక్క మాటలో పోయాయి, కూచునే పని తప్పింది, బరువు తగ్గింది. ఆ లెక్కన పదిహేనో పద్దెనిమిదో అంటే నేనూ తలాడించేవాణ్ని. పదేమిటి? ఎనిమిదింటికి పండు కొంటూ ఉండబట్టలేక, "దారిలో పదికే ఇచ్చేశావేటమ్మా?" అని అడిగాను.

"పిల్లకి జరమొస్తే అతనే డబ్బిచ్చినాడు బాబూ" అంది. 120లో ఆమె చేతికొచ్చింది 70. మిగతా 50 పాత బాకీలోకి పోయింది. అంటే ఆ పది రూపాయలు పండు ధర కాదు. పండులో కొంత, వడ్డీలో కొంత. కాగితం లేని అప్పుకి వడ్డీ ఇలాగే వసూలవుతుంది, రేటు తగ్గించి. ఎవరైనా వచ్చి "వడ్డీ ఎంత?" అని అడిగితే ఆమె నిజంగానే "వడ్డీ ఏటీ లేదు" అంటుంది.

దీనికి పెద్దన్న లాంటిది పూత బేరం. చింతచెట్టు, మామిడి, పనస పూత మీద ఉండగానే, తిండికి తడుముకునే రోజుల్లో, చెట్టుకింత అని డబ్బిచ్చేస్తారు. కాపు ఎంత వచ్చినా కొన్నవాడిదే. సంతలో అదే చెట్టు చింతపండు కిలో ఎంతైనా పలకనీ, చెట్టు గలామెకు ఆ ధరతో సంబంధం లేదు. ఈ కొండల్లో అప్పు కథ పాతది. అప్పు తీరేదాకా షావుకారు ఇంట్లో చాకిరీ చేసే పద్ధతిని గోతి అనేవారు. 1948లో ఒడిశా దాన్ని రద్దు చేస్తూ రెగ్యులేషన్ తెచ్చింది, 1967లో షెడ్యూల్డ్ ప్రాంతాల, అంటే ఆదివాసులకు రాజ్యాంగం ప్రత్యేక రక్షణ ఇచ్చిన ప్రాంతాల వడ్డీ వ్యాపారుల మీద ఇంకోటి తెచ్చింది, 1976లో దేశమంతటికీ వెట్టిచాకిరీ నిషేధ చట్టం వచ్చింది. మనిషిని కట్టేయడం చాలావరకు పోయింది. పంటను కట్టేయడం మిగిలింది. ఆ షావుకార్లలో మన తెలుగువాళ్లు తక్కువమందేమీ కాదు, అది మనం తెలుగులో చెప్పుకోవాల్సిన సంగతే.

అటవీ ఉత్పత్తుల మీద హక్కు ఎవరిదన్న విషయంలో కాగితం మీద ఇబ్బందేమీ లేదు. 2006 అటవీ హక్కుల చట్టం సేకరించేవాళ్లదే అంటుంది. 2013-14 నుంచి చిన్న అటవీ ఉత్పత్తులకు కేంద్రం మద్దతు ధర కూడా పెట్టింది. చోళ్లకైతే ఇంకా నయం. ఒడిశా 2017లో చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టి, మద్దతు ధరకు కొంటోంది. 2024-25కి క్వింటాలు 4,290 రూపాయలు, 2025-26కి 4,886. అంటే కిలో దాదాపు 49. దీంతో సంతలో చోళ్ల ధరకు అడుగున ఒక పలక పడింది. వ్యాపారి మరీ కిందికి అడిగితే "మండీకి (సర్కారు కొనే చోటుకి) ఇస్తాం" అని జవాబు చెప్పే ధైర్యం వచ్చింది. అయినా అంతకన్నా తక్కువకి సంతలో ఎందుకు అమ్ముతారు? మండీలో అమ్మాలంటే పేరు రాయించుకోవాలి, బ్యాంకు ఖాతా ఉండాలి, కొనుగోలు తెరిచే రోజులదాకా ఆగాలి, గింజ సరిగ్గా ఎండాలి. ఆమె దగ్గరున్నది నాలుగు కిలోలు, ఆమెకు కావలసింది ఇవాళే నూనె, ఉప్పు, జ్వరం మాత్రలు. ఇవాళ డబ్బు అనేది కూడా సంతలో అమ్మే సరుకే, అది చాలా ఖరీదు.

ఆశీలు సంగతి కూడా తేల్చేద్దాం, ఎందుకంటే గంపకింత అని వసూలు చేసేవాడిని చూసి చాలామంది రౌడీ మామూలు అనుకుంటారు. చాలాచోట్ల అది పాట. ఏడాదికి సంతను వేలం పాడతారు, పాడుకున్నవాడు రసీదు ఇచ్చి వసూలు చేసుకుంటాడు. రేటు పట్టిక సంతలో రాసి పెట్టాలి. పల్లె సంత అయితే పంచాయతీ లెక్క. అందులోనూ రాయగడ, కొరాపుట్, నబరంగ్‌పూర్, మల్కన్‌గిరి మొత్తం షెడ్యూల్డ్ ప్రాంతం. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం 1996లో వచ్చిన పెసా చట్టం ఊళ్ల సంతల నిర్వహణ అధికారం గ్రామసభకూ, పంచాయతీలకూ ఉండాలని పేరుపెట్టి మరీ రాసింది, వడ్డీ వ్యాపారం మీద అదుపు కూడా ఆ పక్కనే ఉంది. ఈ రెండూ ఒకే చోట రాసినవాళ్లెవరో గానీ సంతను బాగా చూసినవాళ్లే. పట్నం హద్దులోకి వచ్చేసరికి లెక్క మారుతుంది. అక్కడ 2014 వీధి వ్యాపారుల చట్టం. పట్టణ వెండింగ్ కమిటీ ఉండాలి, అందులో కనీసం 40 శాతం వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు. అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఎప్పటినుంచో చేరే చోటుని ఆ చట్టం సహజ మార్కెట్ అంటుంది. అక్కడి నుంచి కదిలించాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఊరు పెరిగి పట్నంలో కలుస్తున్న శివార్లలో చిక్కంతా ఇదే. నిన్నటిదాకా ఊరిది అయిన సంత ఇవాళ ఎవరిది? రోడ్డు వెడల్పు చేసినప్పుడల్లా పరదాలవాళ్లు ఎవరితోనో మాట్లాడుకుని చోటు సంపాదిస్తారు, గంపలవాళ్లు ఇంకో పది గజాలు కాలవ వైపు జరుగుతారు.

ఇంకో ఊళ్లో, పేరెందుకులెండి, ఒకడు గంపకి 20 అడిగాడు. పట్టికలో 5 అని ఉంది. నేను పట్టిక చూపిస్తే, "అది పాత బోర్డు మాస్టారూ" అన్నాడు. కొత్త బోర్డు ఏదంటే రాలేదన్నాడు. రసీదు అడిగితే పుస్తకం అయిపోయిందన్నాడు. నేనేదో గెలిచినట్టు వాదిస్తుంటే ఆ అమ్మ గబగబా 20 తీసి ఇచ్చేసింది. నేను వెళ్లిపోతాను, ఆమె వచ్చే వారం మళ్లీ అక్కడే కూచోవాలి.

ఇదంతా విన్నవాళ్లు, "మన రైతుబజారు లాంటిది పెడితే పోలా?" అంటారు. ఆంధ్రలో 1999 జనవరి 26న మొదలైన ఆ పద్ధతిని నేను మెచ్చుకుంటాను. రైతుకి గుర్తింపు కార్డు, ప్రతి పొద్దునా బోర్డు మీద ధర, మధ్యలో దళారి లేడు. ఒడిశాలోనూ తర్వాత కృషక బజార్లని పెట్టారు. కానీ అది రోజూ బండికెత్తే పంట ఉన్న, పట్నానికి దగ్గర రైతుకు కుదిరే చొక్కా. డొంగరంలో ఒకే చేనులో పది పదిహేను రకాలు కలిపి వేసి, వారానికి ఒకసారి అరగంప తెచ్చే మనిషికి కార్డు ఏ పంట మీద ఇస్తారు? ఆమె తెచ్చిన అడ్డాకుల కట్టకీ, వెదురు కొమ్ములకీ బోర్డు మీద వరుస ఏది? ఆమెకు కావలసింది బోర్డు కాదు, బాకీ లేని పొద్దు. ఊరి పొదుపు సంఘం నుంచి జ్వరానికి 500 దొరికితే, ఐదున్నరకి దారిలో గంప దించాల్సిన పనే ఉండదు. ఆ దారిలో ఎవరి గంపలు ఆగుతున్నాయో, ఎవరివి ఆగకుండా తిన్నగా సంతకు వస్తున్నాయో కొన్నాళ్లుగా గమనిస్తున్నాను. సంఘం గట్టిగా ఉన్న ఊరి ఆడవాళ్లు గుంపుగా వస్తారు, వ్యాపారి పలకరించినా నడక ఆపరు.

వెళ్లేవాళ్లకి రెండు మాటలు. ఏరుకోవాలంటే ఏడున్నరలోపు వెళ్లండి, చవక కావాలంటే మూడు తర్వాత వెళ్లండి, రెండూ కావాలనుకోకండి. పరదాల దగ్గర ఫోన్‌పే నడుస్తుంది, గంపల దగ్గర పదులూ ఇరవైలే. 500 నోటు తీస్తే ఆమె చిల్లర కోసం పక్కనున్న వ్యాపారి దగ్గరకే వెళ్లాలి, ఆ చిన్న మేలు కూడా ఎక్కడో జమ అవుతుంది. పేరు తెలియని పుట్టగొడుగులు కొనకండి, ఎంత బాగున్నా. చాటికొన, ఒనకడిల్లి లాంటి చోట్లకు వెళ్తే ఫోన్ జేబులో ఉంచండి, ముక్కుపుడకలనీ పూసలనీ అడక్కుండా ఫొటోలు తీసేవాళ్లని చూసి చూసి అక్కడి ఆడవాళ్లకు విసుగొచ్చేసింది.

ఆ ఆదివారం సాయంత్రం నేను కూడా గేటు దాకా వెళ్లాను. అనాసలామె ఖాళీ గంపలో అయోడిన్ ఉప్పు ప్యాకెట్లు రెండు, అడ్డాకులో చుట్టిన ఎండుచేపలు, ఆవనూనె సీసా, పిల్లకి ఒక గులాబీ రంగు రిబ్బను సర్దుకుంటోంది. తోటివాళ్లు ముందు నడుస్తూ కేకేశారు. గంప ఎత్తుకుని పరిగెత్తింది.

ఇంటికొచ్చేసరికి మా పక్కింటాయన తన రెండు అనాసలూ కోయించాడు. ఒకటి అడుగున మెత్తబడి లోపల గోధుమరంగు తిరిగింది. బాగున్న పైసగం ముక్కలు కోసి, ఉప్పూ కారం చల్లి, వాళ్లావిడ చేత గిన్నెలో మా ఇంటికి పంపాడు. గోడ దగ్గరికి మాత్రం రాలేదు.